మార్కు ఎవరి కొలత?

వీడియో గేము సమీక్ష చివర వేసే మార్కు విమర్శకుడి అభిరుచికి కొలత అని చాలామంది అనుకుంటారు. ఆ మార్కు ఎవరి చేతిలో ఏ పని చేస్తోందో చూస్తేగాని దాని అసలు అర్థం బోధపడదు.

అమెరికాలో 2001లో మొదలైన మెటాక్రిటిక్ వివిధ సమీక్షల మార్కులు కలిపి నూటికి సగటు కడుతుంది. ఏ పత్రికకు ఎంత తూకం వేస్తుందో బయటపెట్టదు. పైగా 70 వచ్చిన సినిమాకు ఆకుపచ్చ రంగు. అదే 70 వచ్చిన గేముకు పసుపు. కొలబద్దే ఒకటి కానప్పుడు కొలతకు శాస్త్రీయత ఎక్కడిది?

2010లో అబ్సిడియన్ సంస్థ 'ఫాలౌట్: న్యూ వెగాస్' రూపొందించింది. ప్రచురణ సంస్థ బెథెస్డా ఒకేసారి సొమ్ము చెల్లించింది. అమ్మకాల్లో వాటా లేదు. సగటు 85 వస్తేనే బోనస్. వచ్చింది 84. ఈ సంగతి రూపకర్తల్లో ఒకరైన క్రిస్ అవెలోన్ 2012లో చెప్పాడు.

కొనేవాడికి దారి చూపాలిగదా అనవచ్చు. నిజమే. ఆ గేములోని సాంకేతిక దోషాలను సమీక్షకులు ఎత్తిచూపడం న్యాయమే. కాని దాన్ని దాదాపు ఏడాదిన్నరలో పూర్తిచేయవలసి వచ్చిందన్న వాస్తవం అంకెలో ఇమడదు. దోషానికీ ఉత్పత్తి పరిస్థితులకూ గల సంబంధాన్ని వాక్యం చెప్పగలదు. అంకె ఆ సంబంధాన్ని తెంచేసి, మిగిలిన భారాన్ని శ్రామికుడి మీద వేస్తుంది. కొనేవాడి కోసం వేసిన మార్కు యజమాని ఒప్పందంలో షరతుగా మారుతుంది.

అందుచేత విమర్శకుడు తన మార్కుకే కాక, దాని వినియోగానికీ జవాబుదారీ కావాలి.