సూదిపోట్ల కాగితం

ఢిల్లీ షాపుర్ జాట్ సందుల్లో, పెళ్లి లెహంగాలు మెరిసే షోరూముల పై అంతస్తుల్లో మగ్గం వర్క్ చేసే కారీగర్లు కూర్చుంటారు. చూసినవాళ్లు వాళ్ల జరీ కుట్టును మెచ్చుకుంటారు. నా మనసు మాత్రం ఖాకా అనే చిల్లుల కాగితం దగ్గరే ఆగిపోతుంది. ట్రేసింగ్ కాగితం మీద పెన్సిల్‌తో తీగలు, మామిడిపిందెలు గీసి, గీత వెంబడే సన్నటి సూదితో చిల్లులు పొడుస్తారు. చిల్లులు మరీ దగ్గరైతే కాగితం చిరుగుతుంది, దూరమైతే వంపు చెడుతుంది. ఎంత ఎడం ఉండాలో ఆ వేళ్లకే తెలుసు. రెండు వైపులా ఒకేలా రావాలంటే కాగితాన్ని మడిచి ఒకేసారి పొడిచేస్తారు. ఎంత తెలివి! ఆ కాగితాన్ని బట్ట మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన పొడిని గుడ్డతో రుద్దుతారు: ముదురు రంగు బట్టకు తెల్లపొడి, లేతరంగుకు నీలిమందు. కిరోసిన్ ఆరిపోతుంది, చుక్కల బాట మిగులుతుంది. 1500ల్లో ఐరోపాలో అచ్చయిన కుట్టుపని నమూనా పుస్తకాల పేజీలనూ ఇలాగే పొడిచి వాడుకునేవారు. అందుకే వాటిలో చాలా ప్రతులు చిరిగి నశించాయి. ఖాకా కూడా అరిగేదే. అయినా అరిగేలోపు ఎన్నో దుపట్టాలకు అదే అంచునిస్తుంది. బొమ్మ గీయడం రాని కారీగరు కూడా దాని చుక్కల వెంట తడుముకోకుండా కుట్టుకుపోతాడు.