మునిమాపు వేళ గురి నిలిపే గాజు

జర్మనీ, ఆస్ట్రియా అడవుల అంచున మంచె మీద కాపు కాసే వేటగాడికి అసలు పని పొద్దు వాలాకే. అడవిపందులు మసక చీకట్లోనే మొక్కజొన్న చేలల్లోకి దిగుతాయి. పిల్లల్ని సాకుతున్న తల్లిపందిని కాల్చడం అక్కడ నేరం. అందుకే పంది కనబడితే చాలదు, అది ఏ పందో తేలాలి. ఆ తేడా చూపే రైఫిల్ స్కోప్ చేయడంలో మధ్య యూరప్ పనివాళ్లకు సాటి లేరన్నది నా గట్టి నమ్మకం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు తలుపులు మూసింది గనుక, ఈ విద్య గొప్పతనం తెలియాలంటే అక్కడికే చూపు తిప్పాలి.

వాళ్ల పాతకాపు 8×56. ఎనిమిది రెట్ల దగ్గరితనం, 56 మి.మీ. ముందు అద్దం. 56ను 8తో భాగిస్తే 7. కంటివైపు వచ్చే వెలుగు వృత్తం అన్ని మిల్లీమీటర్లన్నమాట. చీకట్లో పడుచు కంటిపాప విచ్చుకునేదీ దాదాపు అంతే. అందిన వెలుగులో చుక్క కూడా వృథా పోదు. ఎంత చక్కని లెక్క! అదే 3-9×40 స్కోప్‌ను 9 మీద పెడితే వృత్తం 4.4 మి.మీ.కి కుంచించుకుపోతుంది, 6కి దించితే 6.7 అవుతుంది. సందెవేళ రెట్లు తగ్గించమనేది అందుకే. వయసు మళ్లిన కంటిపాప 5 మి.మీ. దాటి విచ్చుకోకపోవచ్చు, అలాంటివారికి 50 మి.మీ. అద్దం చాలు.

అంకెలు కలిసినంత మాత్రాన పని అయిపోదు. పూత లేని గాజు ప్రతి ఉపరితలం దగ్గరా నూటికి నాలుగు వంతుల వెలుగును వెనక్కి కొడుతుంది. అలాంటి పది ఉపరితలాలు దాటేసరికి మూడోవంతు పోయినట్టే. 1884లో యేనాలో ఒట్టో షాట్, ఎర్నెస్ట్ ఆబే, కార్ల్ జైస్ కలిసి కొత్త గాజుకు దారి వేశారు. 1935లో జైస్ కంపెనీలోనే అలెగ్జాండర్ స్మకులా ప్రతిఫలనాన్ని అణచే పూతను సాధించాడు. చీకట్లో చూసే ప్రతి కన్నూ ఆయనకు రుణపడి ఉంది! ఇప్పటి మేలిరకం స్కోపులు నూటికి తొంభైకి పైగా వెలుగును కంటికి చేరుస్తున్నాయి. 1957లో హెల్ముట్ ష్మిట్, హెల్ముట్ బెండర్ మొదలుపెట్టిన సంస్థ చేసే 8×56లోంచి చూస్తే, నల్లటి చెట్ల నేపథ్యంలోనూ పంది వీపు గీత విడిగా తెలుస్తుంది. నా ఓటు ఎప్పుడూ దానికే.

గురిగీతలూ అంతే ముఖ్యం. సన్నటి గీతలు చీకట్లో కరిగిపోతాయి. జర్మన్ 4వ నంబరు అమరికలో మూడు లావు కడ్డీలు కంటిని మధ్యకు నడిపిస్తాయి. మధ్య ఎర్రచుక్క ఉంటే మంచిదే, కానీ అది బాగా మసకగా వెలిగే స్థాయికి దిగాలి. లేకపోతే ఆ మెరుపుకే కంటిపాప ముడుచుకుంటుంది.

ఇక నకళ్ల సంగతి తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. కెంపురంగులో ధగధగలాడే పూతలు చూసి జనం మురిసిపోతున్నారు. ఎర్రగా మెరిసిందంటే ఎర్ర వెలుగు లోపలికి పోకుండా వెనక్కి వచ్చిందనే కదా! 6-24×50 అని పెద్ద అంకెలు వేస్తారు. 24 మీద వృత్తం 2.1 మి.మీ. మునిమాపు వేళ అది గుడ్డిదే. ఆ మసకలో పేల్చిన తూటా మృగాన్ని చంపకుండా గాయపరిస్తే, ఆ పాపం ఎవరి ఖాతాలో వేయాలి? ఉష్ణచిత్ర పరికరాల మోజులో పడి మంచి గాజును మూలకు నెట్టడమూ నాకు మింగుడుపడదు. వేడి ముద్ద కనబడటం వేరు, జంతువును గుర్తుపట్టడం వేరు.

యూరప్‌లో, అమెరికాలో లైసెన్సుతో వేటాడే మనవాళ్లకు నా విన్నపం ఒక్కటే. మిట్టమధ్యాహ్నం, దుకాణం దీపాల కింద స్కోప్ ఎంచకండి. దీపాలు పెట్టే వేళకు వెళ్లి, రెండు మూడింటిని ఒకే రెట్ల మీద పెట్టి, బయట చెట్ల నీడలోకి చూడండి. చిన్న చిన్న కొమ్మలు ఎందులో ఆఖరిదాకా నిలిస్తే అదే కొనండి. సొమ్ము చాలకపోతే రైఫిల్ దగ్గర తగ్గండి గానీ గాజు దగ్గర తగ్గకండి. అదీ చూపలేనంత చీకటి పడితే ట్రిగ్గర్ మీంచి వేలు తీసేయండి.