అయస్కాంత శీతల యంత్రం: పొగడ్తలో మరచిన సంగతి

అయస్కాంతంతో చల్లబరిచే యంత్రాలను గూర్చి వ్రాసేవారు తరచుగా 1997వ సంవత్సరంతో మొదలుపెడతారు. ఆ ఏడు అమెరికాలోని ఏమ్స్ ప్రయోగశాలలో పెచార్‌స్కీ, గ్ష్నైడ్నర్ అనే శాస్త్రజ్ఞులు గడోలినియం, సిలికాన్, జర్మేనియం పరమాణువులు 5:2:2 పాళ్లలో గల లోహాంతర సమ్మేళనాన్ని పరీక్షించినారు. 5 టెస్లాల క్షేత్రంలో దాని ఎంట్రోపీ మార్పు శుద్ధ గడోలినియంలోని మార్పుకు దాదాపు రెట్టింపని తేలినది. అది గొప్ప ఫలితమే. కాని ఆ ఒక్క అంకెను చూపి, కంప్రెసర్ లేని రిఫ్రిజిరేటరు గుమ్మం దాకా వచ్చినదన్నట్లు వ్రాయడం విద్యార్థికి సగం సంగతే చెప్పడమవుతుంది.

ఆ రెట్టింపు ఎక్కడిది? పాఠ్యపుస్తకాలలో అయస్కాంతత్వం ఒక అధ్యాయం, స్ఫటిక నిర్మాణం వేరొక అధ్యాయం. ఈ సమ్మేళనంలో ఆ రెండూ ఒకే కాడికి కట్టిన ఎద్దులు. చల్లగా ఉన్నప్పుడు పరమాణువుల పొరలు సిలికాన్, జర్మేనియం బంధాలతో అతుక్కొని ఉంటాయి. అప్పుడది ఫెర్రో అయస్కాంతం. సుమారు 276 కెల్విన్‌లు, అనగా 3 డిగ్రీల సెంటిగ్రేడు, దాటగానే ఆ బంధాలలో సగం తెగి, పొరలు ప్రక్కకు జరుగుతాయి. అయస్కాంత క్రమం కూడా చెదిరిపోతుంది. ఆ ఉష్ణోగ్రతకు కొంచెం పైన బలమైన క్షేత్రాన్ని ప్రయోగిస్తే పొరలు తిరిగి అతుక్కొని వేడి వెలువడుతుంది. క్షేత్రం తీసివేస్తే పదార్థం వేడిని పీల్చుకొంటుంది. మంచు కరగడంలోని గుప్తోష్ణం వంటిది అయస్కాంత ఫలితానికి తోడైనదన్నమాట.

అయితే గుణమూ దోషమూ ఒకే మూలం నుండి పుట్టినవి. పొరలు వెళ్లిన దారినే తిరిగి రావు. క్షేత్రం పెంచేటప్పుడు మార్పు ఒక విలువ వద్ద, తగ్గించేటప్పుడు వేరొక విలువ వద్ద జరుగుతుంది. ఈ హిస్టెరిసిస్ వల్ల ప్రతి చక్రంలోనూ కొంత శక్తి వృథాగా వేడి అవుతుంది. చల్లబరచవలసిన పదార్థం తన్ను తానే వేడిచేసుకొంటుంది. 2004లో ప్రొవెంజానో, షాపిరో, షల్ కొద్దిపాటి ఇనుము చేర్చి ఈ నష్టాన్ని 90 శాతానికి పైగా తగ్గించినారు. ఎంట్రోపీ శిఖరం తగ్గినది, కాని నికర లాభం పెరిగినది. శిఖరం ఒక్కటే కొలబద్ద కాదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

కర్నూలు జిల్లా ఆస్పరి, పత్తికొండ ప్రాంతాల టమాటా రైతుకు ఈ చర్చ పరాయిది కాదు. ధర పడిపోయిన వారం పంటను నిలువచేయడానికి చల్లని గది కావాలి. గదిలో 12 డిగ్రీలు, వేసవిలో బయట 40 డిగ్రీలు; తేడా 28. స్థిర అయస్కాంతాల యంత్రాలలో క్షేత్రం సాధారణంగా 2 టెస్లాలకు లోపే. 2 టెస్లాలకు గడోలినియం ఉష్ణోగ్రత మారేది దాదాపు 5 డిగ్రీలు మాత్రమే. అందుచేత చక్రాన్ని ఎడతెగకుండా త్రిప్పుతూ, ద్రవాన్ని అటూ ఇటూ నడిపి, మెట్టుమెట్టుగా తేడాను పెంచవలసి ఉంటుంది. అప్పుడు చక్రానికి కలిగే చిన్న నష్టమే పెద్ద అప్పుగా పేరుకొంటుంది.

కాబట్టి కొత్త పదార్థాన్ని గూర్చి చదివినప్పుడు ఉపాధ్యాయులు తరగతిలో మూడు ప్రశ్నలు వేయించవచ్చు. ఆ అంకె ఎంత క్షేత్రానికి? రాకపోకలలో నష్టమెంత? లక్షల చక్రాల తరువాత ముక్క పగలకుండా నిలిచినదా? ఈ మూడింటికీ జవాబు చెప్పని వ్యాసం ఎంత ఉత్సాహంగా ఉన్నా అసంపూర్ణమే.