మంట దాకా పోయిన కెమెరా పేటలోకి రాదేం?

2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందంటే లోకానికి గుర్తొచ్చేవి కాలుతున్న ఇళ్ళు, బస్సులు, రాళ్ళు. వీడియోల్లో తిరిగింది అదే గనుక. కానీ సంగతి ఆరోజు మొదలు కాలేదు. ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న అంబేద్కర్ పేరు చేరుస్తూ ప్రాథమిక ప్రకటన వచ్చింది. అభ్యంతరాలు చెప్పుకోడానికి 30 రోజుల గడువూ ఇచ్చారు. ఆరు రోజులకే దళిత మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, బీసీ శాసనసభ్యుడు పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు. జూన్‌లో మంత్రివర్గం ఆ పేరే ఖాయం చేసింది. ఈ వరస చెప్పకుండా మంట ఒక్కటే చూపిస్తే అది 'అల్లరి' అవుతుంది. కులం తప్పించుకుంటుంది.

'ప్రశాంతమైన పచ్చని సీమ' అనే మాట కూడా అలాంటిదే. ఎవరికి ప్రశాంతం? 2016 ఆగస్టులో ఇదే అమలాపురంలో చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న ఇద్దరు దళిత అన్నదమ్ముల్ని చెట్టుకి కట్టి కొట్టలేదా?

దీనికి విలేకరి ఒక్కణ్ణే తిట్టి లాభం లేదు. జీతం లేకుండా, ఇచ్చిన వార్తని బట్టి డబ్బులు తీసుకుంటూ, పైగా ప్రకటనలు కూడా తెచ్చిపెట్టాల్సిన స్ట్రింగర్ ఊరి పెద్దలకి ఎదురెళ్ళి ఏం తీస్తాడు? అందుకే చదువుకుంటూ సెల్లు పట్టుకుని ఊరి వార్తలు తీస్తున్న మన పిల్లల మీద ఆశ. అయితే వాళ్ళూ టీవీనే గురువనుకుంటే అదే చూపు వస్తుంది.

గురువులు వేరేచోట ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత ఆడవాళ్ళు 1996లో కెమెరా నేర్చుకున్నారు. 2001లో సొంత మీడియా ట్రస్టు పెట్టుకున్నారు. బడి మొహం చూడనివాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. పైనుంచి కిందికి చూసే షాట్‌కి వాళ్ళు పెట్టుకున్న పేరు 'పటేల్ షాట్'. కళ్ళకి కళ్ళు సమానంగా ఉండేది 'సంఘం షాట్'. ఏ సినిమా బడి చెప్పింది ఈ పాఠం? కెమెరా ఎత్తులో కులం ఉందని కూలి చేసిన ఒంటికి తెలుసు.

దీన్నుంచి మన విద్యార్థులు తీసుకోవాల్సినవి మూడున్నాయి. ఒకటి, శవమో కొట్లాటో ఉన్నప్పుడే కాదు, మామూలు రోజున పేటకి వెళ్ళాలి. దింపు తీసేవాళ్ళ కూలి, ఒలుపు కార్మికుల చేతులు, స్మశానానికి దారి, ఇవన్నీ వార్తలే. రెండు, మొహం చూపించే ముందు అడగాలి. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో కొట్టినవాళ్ళే గొప్పకి వీడియో తీసి తిప్పారు. అది సాక్ష్యమైంది, నిజమే. కానీ దెబ్బలు తిన్నవాళ్ళ అవమానాన్ని దేశమంతా మళ్ళీ మళ్ళీ చూసింది. మన వీడియోలో మాట్లాడిన మనిషి తెల్లారి అదే ఆసామి తోటకి కూలికెళ్ళాలి. ఆ సంగతి మర్చిపోయి తీసేది ధైర్యం కాదు, ఇంకొకరి బతుకుతో పందెం. మూడు, తీసింది ముందు పేటలోనే చూపించి, వాళ్ళు కాదన్నది తీసెయ్యాలి. కేసు ఏమైందో కనుక్కోడానికి మళ్ళీ వెళ్ళాలి.

సెల్లు చేతికొచ్చినంత మాత్రాన చూపు మనదైపోదు. హాస్టళ్ళలో, కాలేజీల్లో ఈ చర్చ పెట్టాలి. మన పిల్లలు తీసిన వీడియోల్నే ముందేసుకుని, మొహమాటం లేకుండా విమర్శించుకోవాలి.