కక్షల కథలలో అనుచరుని మరణము

రాయలసీమ ముఠాకక్షలను గూర్చిన చిత్రములలో హింస మిక్కుటమని విమర్శకులు నిందింతురు. మాకు తోచిన లోపము వేఱు. ఆ కథలలో అనుచరుడు చచ్చును గాని అతనికి పేరుండదు.

రామ్‌గోపాల్ వర్మ 'రక్తచరిత్ర' (2010) పెనుకొండ శాసనసభ్యుడు పరిటాల రవీంద్ర జీవితమును ఆధారముగా గొన్నది. ఆయన 2005 జనవరి 24న అనంతపురమున హతుడయ్యెను. చిత్రమున ప్రతి హత్యయు మఱియొక హత్యకు హేతువు. 1993లో ప్రత్యర్థి సూరి కుటుంబమును బలిగొన్న టీవీ బాంబు సైతము అతని పగకు బీజముగనే అందు నిలిచినది. పగ తీర్చుకొనువాడు లేని చావునకు కథలో చోటు దొరకదు.

1997 నవంబరులో హైదరాబాదున ప్రేలిన కారుబాంబునే చూడుడు. రవీంద్ర తండ్రి శ్రీరాములు చరిత్రగా తలపెట్టిన 'శ్రీరాములయ్య' చిత్రసందర్భమున అది ప్రేలినది. రవీంద్ర బ్రదికెను, 26 మంది మరణించిరి. వారిలో కక్షలతో నిమిత్తము లేని టీవీ సిబ్బందియు కలరు. ఒక హతుని కథ చెప్పబూనిన వేళ ఇందఱు హతులైరి!

పల్నాటి వీరగాథయు దాయాదుల పోరే, పగను కీర్తించినదే. అయినను మాలకులజుడైన కన్నమదాసు పేరు అందు మఱుగుపడలేదు. కారెంపూడిలో వీరులకు నేటికిని ఏటేట ఉత్సవము జరుగును. ఈ విషయమున ప్రాచీన గాయకుడు నేటి దర్శకునికంటె ఉదారుడు.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములకు పోవు మా పరిశోధక విద్యార్థులు వీరగల్లుల శాసనములను వ్రాసికొని వచ్చుచున్నారు. అనుచరుల భార్యలు చెప్పు మాటలను గూడ వ్రాసికొని రావలెనని మేము కోరుచున్నాము.