ఇద్దరిద్దరుగా

గత శుక్రవారం మా మిత్రుడి ఆదరణ కూటం జరిగింది. ఒంగోలు పక్కన పల్లెటూరు. జీవితమంతా బాప్తిస్టు సంఘాలకు కాపరిగా గడిపిన మనిషి ఆయన. వేదిక నిండా పాస్టర్లమే. ఒక్కొక్కరూ లేచి ఆయన ఏయే ఊళ్ళలో పనిచేశారో, ఏ కమిటీల్లో ఉన్నారో, ఎన్ని మందిరాలు కట్టించారో సర్వీసు రిజిస్టరు చదివినట్టు చదివారు. రాత్రి పదిన్నర దాటింది. మైకు పట్టుకుంటే వదలని అలవాటు మీద నేను ఎంతకాలంగా పోట్లాడుతున్నానో ఈ కాలమ్ చదివేవారికి తెలుసు. భూస్థాపనలో గానీ ఆదరణ కూటంలో గానీ మనిషిని పొగడకూడదని, పునరుత్థాన నిరీక్షణ గురించి వాక్యం చెప్పి ముగించాలని మొదటినుంచీ నా వాదన. ఆ రాత్రి వేదిక మీద కూర్చున్నంతసేపూ ఆ వాదనే మనసులో గట్టిపడింది.

ఆయన మాత్రం దానికి ఏనాడూ ఒప్పుకోలేదు.

మా వృత్తిలో ఒకరికి ప్రసంగం అబ్బుతుంది, ఒకరికి పాట, ఒకరికి పరిపాలన. ఆయనకు మనుషుల్ని సాగనంపడం అబ్బింది. కబురు అందగానే ఆ ఇంటికి వెళ్ళేవాడు. ప్రార్థన చేసి లేచి వచ్చేసేవాడు కాదు. అరుగు మీద కూర్చుని అడిగేవాడు: పోయినావిడ ఎవరితో కలిసి నాట్లకు వెళ్ళేది, ఏ కీర్తన ఎత్తుకునేది, ఈ మధ్య ఎవరి మీద అలిగింది? అక్కణ్ణుంచి సమాధుల తోటకు వెళ్ళి గుంట తవ్వేవాళ్ళ దగ్గర నిలబడేవాడు. లోతు చూసేవాడు, పెట్టె దించే తాళ్ళు తానే లాగి చూసేవాడు. మర్నాడు ప్రసంగంలో ఆ ఇంటి మాటలే వినబడేవి. సంఘానికి చేసిన సేవలు మరువలేనివి అన్న మాట ఆయన నోట నేను వినలేదు. 'మిరప కోతల్లో వెనకబడ్డవాళ్ళ సాలు కూడా ఈమే కోసి పెట్టేది' అనేవాడు. వెనక వరసలో నిలబడ్డ కూలీ ఆడవాళ్ళు అవునన్నట్టు తలలూపేవారు. అందరూ వెళ్ళిపోయాక కూడా మట్టి పూర్తిగా కప్పేదాకా అక్కడే ఉండేవాడు.

ఆయన దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. తాను సాగనంపిన ప్రతివారి పేరు, తేదీ, ఇంట్లో మిగిలినవారి పేర్లు అందులో రాసుకునేవాడు. ఏడాది తిరిగిన రోజు పొద్దున్నే ఆ ఇంటికి ఫోను చేసేవాడు. బదిలీ అయి వేరే ఊరు వెళ్ళినా ఆ ఫోను ఆగేది కాదు.

మేం కలిసింది రాజమండ్రి లూథర్‌గిరిలో. లూథరన్లు, బాప్తిస్టులు, సి.ఎస్.ఐ. వారు కలిసి 1964లో పెట్టుకున్న ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల, హైదరాబాదుకు తరలకముందు అక్కడే ఉండేది. నేను గుంటూరు లూథరన్‌ని, పసిబిడ్డగా నీళ్ళు చిలకరించుకున్నవాణ్ణి. ఆయనది ముంచుడు బాప్తిస్మం. లైట్లు ఆర్పేదాకా వాదించుకునేవాళ్ళం. ఎక్కడ మొదలుపెట్టినా ఆయన గుండ్లకమ్మ ఒడ్డుకు తీసుకొచ్చి ఆపేవాడు.

ఆ కథ ఒంగోలు వైపు క్రైస్తవులందరికీ తెలిసిందే. 1876–78 కరువులో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని చూపించాడు. బోధకులే మేస్త్రీలై జనంతో పాటు ఎండలో ఉన్నారు, పని ఆగినప్పుడల్లా వాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడారు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. చివరికి 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చరిత్ర చెప్పేవాళ్ళు ఆ అంకె దగ్గర ఆగిపోతారు. మా మిత్రుడు ఆగేవాడు కాదు. ఆ రోజు క్లౌ దొర తన చేత్తో ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అభిషేకం పొందిన తెలుగు బోధకులు ఆరుగురు, ఒక్కసారికి ఇద్దరు చొప్పున నీళ్ళలో నిలబడ్డారు. వాళ్ళు అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగారు. 'అంకె సంగతి వదిలెయ్యవయ్యా, ఆ ఇద్దరిద్దరిని చూడు. చేతులు పడిపోతాయని వాళ్ళకు ముందే తెలుసు' అనేవాడు. యేసు ప్రభువు శిష్యుల్ని పంపిందీ ఇద్దరిద్దరుగానే కదా అని నేనంటే, 'మనం వదిలేసింది అదే' అనేవాడు.

నిజమే. పాస్టరును ఒంటరిగా ఒక ఊళ్ళో దించేసి వస్తాం. ఊళ్ళో ఎవరింట చావు వచ్చినా అయ్యగారు రావాలి. అయ్యగారి ఇంటికే వస్తే? నా భార్య పోయిన రోజు సంఘమంతా నా వైపే చూసింది, నేనే ప్రార్థన మొదలుపెడతానని. ఆయన బస్సు దిగి నేరుగా వచ్చాడు. నా చేతిలో బైబిలు తీసుకుని, 'ఇవాళ నువ్వు పాస్టరువి కాదు, కూర్చో' అన్నాడు. తర్వాత నా పక్కన చేరి, ఆమె వంటింట్లో ఏ కీర్తన పాడుకునేదని అడిగాడు. అంతవరకూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య మాట్లాడారు. తిరునల్వేలి నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని దోర్నకల్‌లో సేవ చేస్తున్న ఆయన, రెండేళ్ళకు అక్కడే తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. మిషనరీల త్యాగాలకు కృతజ్ఞత చెప్పి, ఆ సభలో ఆయన అడిగింది స్నేహితుల్ని. ఆ మాట దొరలతో అన్నదే అయినా మనకూ తగులుతుంది. ఇన్నేళ్ళలో మన సంఘాలు నిబంధనావళులు రాసుకున్నాయి, ఎన్నికలు పెట్టుకున్నాయి, ఆస్తుల కోసం కోర్టులకెక్కాయి. పాస్టరుకు స్నేహితుణ్ణి చూపించే పని ఏ కమిటీ నెత్తిన వేసుకుంది?

శుక్రవారం కూటం ముగిశాక, భోజనాల దగ్గర ఒక పెద్దావిడ నన్ను ఆపింది. ఆమె కొడుకు చనిపోయినప్పుడు, చందా బాకీ ఉందని ఒక సంఘం సమాధుల తోటలో చోటివ్వలేదట. మా మిత్రుడికి ఆ కుటుంబం ఎవరో తెలియదు. విని, తమ పెద్దల్ని రాత్రికి రాత్రి ఒప్పించి, తమ తోటలో చోటిప్పించాడట. 'ఆ మాట మైకులో చెబుదామనుకున్నానయ్యా, నన్ను పిలవలేదు' అంది. ఆమె వెనక ఇంకా కొందరు నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో కథ ఉంది.

పొగడ్త కాదు వాళ్ళు చెప్పింది, సాక్ష్యం. పునరుత్థానం గురించి మేం వేదిక మీద చెప్పే వాక్యం ఒక మనిషి బతుకులో ఎలా నడిచిందో ఆ సాక్ష్యంలో ఉంది. ఇకనుంచి ఆదరణ కూటంలో ముందు మైకు గుంట తవ్వినవాడికి, పక్కింటావిడకు, కూలికి తోడెళ్ళినవాళ్ళకు ఇవ్వాలి. తెల్లవార్లూ మాట్లాడినా వినాలి. పాస్టర్లం చివర్లో ఒక వాక్యం చదివి ప్రార్థన చేస్తే చాలు.

ఆయన నోటుబుక్కు వాళ్ళ అబ్బాయి నా చేతిలో పెట్టాడు. ఆ ఫోన్లు ఇక నేను చేస్తాను. కుర్ర పాస్టర్లకు ఒక్క మాట. మీ పక్క వీధిలో వేరే మిషను చర్చి ఉంటుంది. అక్కడి పాస్టరుతో బాప్తిస్మం గురించి ఎంతైనా వాదించుకోండి, చావు ఇంటికి మాత్రం ఇద్దరూ కలిసి వెళ్ళండి. మీ ఇంట్లో కష్టం వచ్చిన రోజు మీ చేతిలో బైబిలు తీసుకుని మిమ్మల్ని కూర్చోబెట్టగలిగేవాడు అతనే.