గెడకు వేలాడే బేరం

వియత్నాం దక్షిణాన మెకాంగ్ డెల్టాలో పడవల మీద సాగే సంతలు మనకు ఎక్కువగా ఫొటోల్లోనే పరిచయం. ఆకుల టోపీలు, పడవ నిండా పళ్లు, పొద్దుటి వెలుగు. చూడ్డానికి ముచ్చటే గానీ, అసలు సంగతి ఆ ఫొటోలో ఉండదు. కాన్ థో నగరం దగ్గరున్న కాయ్ రాంగ్ ప్రధానంగా టోకు బజారు. తోటల నుంచి పెద్ద పడవల్లో అనాసలు, గుమ్మడికాయలు, చిలగడదుంపలు వస్తాయి. చిన్న పడవలవాళ్లు వాటిని కొనుక్కుని, పెద్ద పడవలు దూరలేని పిల్లకాలువల వెంట ఊళ్లకు చేరుస్తారు. అందుకే ఇలాంటి సంతలు కాలువలు కలిసేచోట పుట్టాయి. సముద్రపు పోటుపాట్లు ఇక్కడి కాలువల్లోకీ వస్తాయి. ఎదురు ప్రవాహంలో తెడ్డు వేయడం దండగని పడవలు నీరు మళ్లేదాకా ఆగేవి. ఆగినచోట బేరం మొదలయ్యేది.

ఇంజన్ల రొదలో, అలల మీద ఊగుతూ, ఎవరి దగ్గర ఏముందో దూరం నుంచే తెలిసేదెలా? పడవ ముందు భాగాన నిలబెట్టిన పొడవాటి వెదురుగెడ చెబుతుంది. దాని పేరు కే బేఓ. అమ్మే సరుకులో ఒకటి దానికి కట్టి వేలాడదీస్తారు. మినహాయింపులూ అందరికీ తెలిసినవే. ఆరేసిన బట్టలు అమ్మకానికి కావు, ఎందుకంటే ఆ పడవే వాళ్ల ఇల్లు. నూడుల్స్, కాఫీ వేలాడదీయడం కుదరదు కాబట్టి అవి గెడ లేకుండానే అమ్ముడవుతాయి. ఇక కొబ్బరాకు కట్టారంటే పడవనే అమ్మకానికి పెట్టారన్నమాట. ఒక్క అక్షరం రాయకుండా ఇంత సమాచారం! చదువు రానివాడికీ, నది అవతలి ఒడ్డున ఉన్నవాడికీ ఒకేలా అర్థమయ్యే ఈ ఏర్పాటును జానపద అలంకారంగా చూస్తే దాని తెలివిని తక్కువ చేసినట్టే.

రోడ్లు వచ్చాక ఇదంతా ఎందుకు అన్న ప్రశ్న న్యాయమైనదే. 2000లో మీ థువాన్ వంతెన, 2010లో కాన్ థో వంతెన వచ్చాయి. తోట గట్టు దాకా లారీ వస్తుంటే రైతు పడవ కోసం ఎందుకు ఎదురుచూస్తాడు? పడవ బతుకులో పిల్లల చదువు ఎంత కష్టమో తెలిసీ ఆ కుటుంబాలను నీటి మీదే ఉండిపొమ్మనడం అన్యాయం. కాబట్టి అన్ని సంతలూ నిలవాలని వాదించలేం. అయితే బరువైన, చవకైన సరుకును పిల్లకాలువల ఊళ్లకు చేర్చడంలో పడవకు ఇప్పటికీ పనుంది. వాదన ఆ పని గురించే.

కాయ్ రాంగ్ సంత సంస్కృతికి 2016లో జాతీయ వారసత్వ గుర్తింపు దక్కింది. గుర్తింపు మంచిదే, కానీ సరిపోదు. ఏడు కాలువలు కలిసే ఫుంగ్ హియెప్‌లో ఒకప్పుడు పేరుమోసిన సంత ఉండేది. పడవల రద్దీ పెరిగిందని 2000ల ఆరంభంలో దాన్ని కూడలి నుంచి తరలించారు. కొత్తచోట అది కోలుకోలేదు. పడవలు, మనుషులు, సరుకు అవే. దారులు కలిసే చోటు ఒక్కటే పోయింది. కాయ్ రాంగ్‌ను నిలపాలనుకునేవాళ్లు పర్యాటకుల పడవలకు రేవులు కట్టేముందు, గుమ్మడికాయల పడవ ఒడ్డుకు చేరి సరుకు దించుకునే చోటు మిగిలిందో లేదో చూడాలి.